కణాల్లో డీఎన్ఏ కొలత – మూడో పాఠం: రంగు నుంచి అంకె దాకా

పోయిన పాఠంలో ప్రోస్టేట్ క్యాన్సర్ స్లైడుకు ఫ్యూల్జెన్ స్టెయిన్ వేశాం. న్యూక్లియస్‌లో ఎంత డీఎన్ఏ ఉంటే అంత రంగు పట్టింది. ఇప్పుడు ఆ రంగును కొలుద్దాం.

ఒక్కో పిక్సెల్ దగ్గర ఎంత వెలుతురు ఆగిపోయిందో కెమెరా చూస్తుంది. దాన్ని లాగరిథమ్‌లోకి మార్చి, న్యూక్లియస్‌లోని పిక్సెల్‌లన్నీ కూడాలి. తొందరపడి ముందే వెలుతురు సగటు తీస్తే మొత్తం రంగు తక్కువగా వస్తుంది.

వచ్చిన అంకె, సరే, 62 అనుకోండి. 62 ఏమిటి? తక్కెడ ఉంది గానీ రాళ్ళు లేవు. మన తూకపు రాయి అదే స్లైడులోని లింఫోసైట్ అనే తెల్లరక్తకణం. దానిలో 46 క్రోమోజోములే, అంటే 2సి (23 క్రోమోజోముల ఒక సెట్టులోని డీఎన్ఏ 1సి). నిన్నటి స్లైడులోని లింఫోసైట్ పనికిరాదు; స్టెయిన్ వేసేటప్పుడు యాసిడ్‌లో ఉంచిన సమయం కాస్త మారినా రంగు మారిపోతుంది.

లింఫోసైట్ల సగటు 40 అయితే, 62ని 40తో భాగించండి: 1.55. ఇదే డీఎన్ఏ ఇండెక్స్. 1 దగ్గర ఉంటే డిప్లాయిడ్ (మామూలు డీఎన్ఏ), 2 దగ్గర ఉంటే టెట్రాప్లాయిడ్ (దానికి రెట్టింపు), మన 1.55 లాంటిది అన్యూప్లాయిడ్ (లెక్క తప్పిన డీఎన్ఏ). ఒక్క కణాన్ని చూసి తేల్చకండి, చాలా కణాల అంకెలతో గీసిన గ్రాఫులో శిఖరం కనబడాలి. విభజనకు సిద్ధమైన మామూలు కణంలోనూ 4సి ఉంటుంది మరి.

నేర్చుకునే రోజుల్లో 4సి దగ్గర మంచి శిఖరం చూసి సంబరపడ్డాను. తీరా చూస్తే ఒకదానిమీద ఒకటి పడ్డ జంట న్యూక్లియస్‌లు! పల్చటి సెక్షన్లలో దీనికి తిరగబడ్డ చిక్కు ఉంది: కత్తి న్యూక్లియస్‌ను సగానికి కోస్తుంది, డీఎన్ఏ తక్కువగా కనబడుతుంది. అందుకే పారాఫిన్ బ్లాకు (మైనంలో పొదిగిన కణజాలం) నుంచి 50 మైక్రాన్ల మందం ముక్క తీసి, పెప్సిన్ అనే ఎంజైముతో న్యూక్లియస్‌లను విడదీసి కొలవడం మేలు.

ఇక గ్రేడు సంగతి. ప్రోస్టేట్ క్యాన్సర్‌కు గ్రేడు ఇచ్చే గ్లీసన్ పద్ధతి గ్రంథుల అమరికనే చూస్తుంది, న్యూక్లియస్‌ను పట్టించుకోదు. కాబట్టి మన కొలత గ్లీసన్ స్కోరును మార్చదు, దాని పక్కన మరో సమాచారంగా నిలబడుతుంది. అన్యూప్లాయిడ్ గడ్డలు సాధారణంగా దూకుడుగా ఉంటాయి. అలాగని డిప్లాయిడ్ అనగానే టెన్షన్ లేదనుకోకండి. బయాప్సీ సూది చెడ్డ భాగాన్ని తాకకపోయి ఉండొచ్చు.

అభ్యాసం: లింఫోసైట్ల సగటు 50. గడ్డ కణాల శిఖరాలు 51, 76 దగ్గర. 100 దగ్గర ఓ నాలుగు కణాలు. ఇండెక్స్‌లు లెక్కకట్టండి. ఆ నాలుగింటి బొమ్మలు చూడకుండా మాత్రం టెట్రాప్లాయిడ్ అని రాయకండి.