పాత భవనాన్ని చదవడం – నాలుగో పాఠం: ఏ సంవత్సరం ఎవరిది?

గత పాఠంలో అమెరికాలోని ఇథకా పట్టణంలో ఉన్న లెన్‌రాక్ భవనం ఎప్పటిదని అడిగితే, చాలామంది 1827 అని రాశారు. ఇప్పుడు ఆ ఇంట్లో ఉంటున్న, గ్రీకు అక్షరాల పేరున్న విద్యార్థి సంఘం డెల్టా ఫై పుట్టుకను అంత విపులంగా చెప్పి, ఇంటిని రెండు వాక్యాలతో సరిపెట్టిన నాకూ అందులో వాటా ఉంది కనుక, ఈసారి చెప్పవలసిన కిటికీల పాఠాన్ని పక్కన పెడుతున్నాను.

1827 స్కెనెక్టడీలోని యూనియన్ కళాశాలలో ఆ సంఘం ఏర్పడిన సంవత్సరం మాత్రమే. ఇంటిని కార్నెల్ విశ్వవిద్యాలయ స్థాపకుడు ఎజ్రా కార్నెల్ తన కుటుంబం కోసం 1867లో మొదలుపెట్టించాడు. అది 1875లో పూర్తయ్యేసరికి ఆయన లేడు, 1874 డిసెంబరులోనే కన్నుమూశాడు. విద్యార్థులు దాన్ని కొన్నది 1911లో. గుమ్మం పైన రాతిలో చెక్కిన 'ట్రూ అండ్ ఫర్మ్' అన్న నినాదం కార్నెల్‌ది, సంఘానిది కాదు. ఇంటికి పెట్టిన పేరును ఆంగ్ల అక్షరాల్లో (Llenroc) వెనక నుంచి చదివినా ఆయనే కనిపిస్తాడు.

ఇంకా నమ్మకం కుదరనివారు అదే దేశంలోని మాడిసన్ నగరంలో బ్రాడ్లీ గృహాన్ని చూడండి. అందులో ఉన్న సిగ్మా ఫై సంఘం కూడా అదే కళాశాలలో, అదే 1827లో పుట్టింది. సంఘం వయసే ఇంటి వయసైతే ఈ రెండూ కవల ఇళ్లు కావాలి. కానీ లెన్‌రాక్ నిటారు కప్పులతో పైకి లేచే గోథిక్ పునరుద్ధరణ శైలి రాతి కట్టడం; లూయిస్ సల్లివన్, జార్జ్ ఎల్మ్‌స్లీ రూపొందించిన బ్రాడ్లీ గృహం 1910 ప్రాంతంలో నేలకు పరుచుకున్నట్లు వెలిసిన ప్రెయిరీ శైలి ఇల్లు, దాని పై అంతస్తు వరండాలు కింద స్తంభం లేకుండానే గోడను దాటి ముందుకు వస్తాయి. సంఘం దాన్ని 1915లో కొన్నది. 1972లో అగ్నిప్రమాదం జరిగి మరమ్మతు చేశారు గనుక, అక్కడ నాలుగో సంవత్సరాన్నీ లెక్కలోకి తీసుకోవాలి.

గుమ్మం మీద సంఘం పేరు గ్రీకు అక్షరాల్లో ఉన్నంత మాత్రాన ఇల్లు గ్రీకు శైలిది అయిపోదు. ఇద్దరు అదీ రాశారు.

నా పద్ధతి మోటుది: ఛాయాచిత్రంలో సంఘం పేరున్న పలకను బొటనవేలితో మూసి, మిగిలినదాన్ని మాత్రమే చదువుతాను.

అభ్యాసం: మీ ఊళ్లో ఒకప్పుడు సొంత ఇల్లుగా ఉండి, ఇప్పుడు విద్యార్థుల హాస్టలైన భవనం ఒకటి వెతకండి. కట్టిన ఏడు, చేతులు మారిన ఏడు, హాస్టలైన ఏడు వేర్వేరుగా రాయండి. రెండోదానికి సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో ఈసీ (ఆస్తి లావాదేవీలు చూపే ధ్రువపత్రం) తీయించక తప్పదు.