గ్రహాంతరవాసులు మంచోళ్లా, చెడ్డోళ్లా? పిల్లలతో ఈ ప్రశ్న మాట్లాడటం ఎలా

నాలుగేళ్ల కిందట కాంతి పాఠం చెబుతుంటే ఎనిమిదో తరగతి పిల్లాడొకడు చెయ్యెత్తాడు. "మేడం, గ్రహాంతరవాసులు మన కాడికొస్తే మంచి సేస్తారా, సంపేస్తారా?" అప్పటికి తోచింది చెప్పేశాను. అంత దూరం రాగలిగారంటే చాలా తెలివైనవాళ్లయి ఉంటారు, తెలివైనవాళ్లకి కొట్లాటలతో పనుండదు, కాబట్టి మంచివాళ్లే అన్నాను. వాడు కూర్చోలేదు. "మరి మనం కోళ్లకన్నా తెలివైనోళ్లమే కదా మేడం?" అన్నాడు.

ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. వాడిది మంచి ప్రశ్న, నాది తొందరపాటు జవాబు. అప్పటినుంచి ఏటా జనవరిలో, సంక్రాంతి సెలవుల ముందు, ఒక సాయంత్రం మొత్తం ఈ ప్రశ్నకే కేటాయిస్తున్నాను. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను నేను. ఇది సాటి టీచర్ల కోసం, గ్రంథాలయాల్లో పిల్లలతో పనిచేసేవాళ్ల కోసం, ఇంట్లో ఇలాంటి ప్రశ్న ఎదురయ్యే అమ్మానాన్నల కోసం రాస్తున్నాను.

కావలసినవి చాలా తక్కువ. 30 సెంటీమీటర్ల స్కేలు ఒకటి, గళ్ల కాగితాలు, టార్చిలైటు, దాని అద్దానికి కట్టడానికి ఎర్ర కాగితం. చీకటికి అలవాటుపడ్డ కళ్లు ఎర్ర వెలుతురుకి చెదరవు. హెడ్మాస్టరు గారి అనుమతి, తల్లిదండ్రుల సంతకాలు, తోడుగా ఇంకో ఇద్దరు టీచర్లు తప్పనిసరి. మేము సముద్రం ఒడ్డుకి వెళతాం కాబట్టి నీళ్లలోకి ఎవరూ దిగకూడదని బడి గేటు దగ్గరే మాట తీసుకుంటాను.

ముందు దూరం సంగతి తేల్చాలి. ఇది తేలకుండా మంచీ చెడూ మాట్లాడితే పిల్లలు సినిమా కథలే చెబుతారు. పక్క ఊరినుంచి వచ్చినట్టు వచ్చి దిగిపోతారనుకుంటారు. గేటు దగ్గర స్కేలు నేలమీద పెట్టండి. సున్నా దగ్గర సూర్యుడు, 1 సెంటీమీటరు గీత దగ్గర భూమి, స్కేలు చివర 30 దగ్గర నెప్ట్యూన్. ఈ లెక్కలో సూర్యుడే సన్నటి ఇసుక రేణువంత కూడా ఉండడు, ఇక భూమి కంటికి ఆనదు. 1977లో బయల్దేరిన వాయేజర్ 1 వ్యోమనౌక ఇప్పుడు ఎక్కడుందో చూపించడానికి పొడుగ్గా ఉండే పిల్లాడినొకణ్ణి స్కేలు పక్కన నేలమీద పడుకోబెట్టండి. పాదాలు సూర్యుడి దగ్గరుంటే వాయేజర్ వాడి తల దగ్గర, దాదాపు 170 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. దాదాపు యాభై ఏళ్ల ప్రయాణమది.

ఆ వాయేజర్లో బంగారు పూత పూసిన రికార్డు ఒకటుందని, అందులో 55 భాషల్లో పలకరింపులున్నాయని, వాటిలో తెలుగు కూడా ఒకటని ఇక్కడే చెప్పండి. పడుకున్న పిల్లాడు తల తిప్పి పైకి చూస్తాడు. నేను చూసిన ప్రతి ఏడూ చూశాడు.

తరువాత అడగండి: మనకు అన్నిటికన్నా దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ, ఈ లెక్కన ఎక్కడుంటుంది? బడి గోడ అంటారు, రామాలయం అంటారు. ఏమీ చెప్పకుండా నడిపించండి. కొబ్బరి తోట దాటి, జీడి తోట దాటి, మొగలి పొదల పక్కనుంచి ఇసుకలోకి. మా బడి నుంచి ఒడ్డుకి రెండున్నర కిలోమీటర్ల పైచిలుకు. లెక్క ప్రకారం 2.68. మీ ఊళ్లో అంత దూరంలో ఏముందో ముందే చూసిపెట్టుకోండి, చెరువైనా సరే, హైవే అయినా సరే. నడిచి తీరాలి. బోర్డు మీద సున్నాలు పెడితే పిల్లలకి అందదు, కాళ్లు నొప్పిపుడితే అందుతుంది. వాయేజర్ ఈ లెక్కలో ఏడాదికి మూడున్నర సెంటీమీటర్లు కదులుతుంది. అటుకేసే వెళుతోందనుకున్నా ఈ ఒడ్డుకి చేరడానికి 70 వేల ఏళ్లు దాటుతుంది.

ఇక్కడికొచ్చాక పిల్లల మాటలు మారతాయి. నీళ్ల కోసం వస్తారు, బంగారం కోసం వస్తారు అన్నవాళ్లు తమంతట తామే ఆగుతారు. బృహస్పతి ఉపగ్రహం యూరోపా మంచు కింద మన సముద్రాలన్నిటికన్నా ఎక్కువ నీళ్లున్నాయని శాస్త్రవేత్తల అంచనా. నీళ్లే కావాలంటే ఇంత దూరం వచ్చి మనతో తగువు పెట్టుకోనక్కర్లేదు. అయితే దీన్నిబట్టి వాళ్లు మంచివాళ్లని తేలిపోయినట్టు కాదు. దోచుకోడానికి వస్తారన్న కారణం ఒక్కటే బలహీనపడింది.

ఇప్పుడు ఇసుకలో కర్రతో రెండు నిలువు గళ్లు గీయండి. ఒకదాని మీద 'మనసులో ఏముంది', రెండోదాని మీద 'చివరికి ఏమైంది' అని రాయండి. పక్కన మనం చెప్పుకునేవాళ్ల పేర్లు వరసగా రాసుకుంటూ పోవాలి. నా సాయంత్రమంతా ఈ రెండు గళ్ల కోసమే. పిల్లలే కాదు, పెద్దవాళ్లం కూడా మంచోళ్లా చెడ్డోళ్లా అని ఒకే ప్రశ్నగా అడుగుతాం. అందులో రెండు ప్రశ్నలున్నాయి. ఎదుటివాడి ఉద్దేశం ఒకటి, మనకి జరిగేది ఇంకొకటి. ఉద్దేశం బాగుండి కూడా మనుషులు చచ్చిపోవచ్చు.

దీనికి నేను చెప్పే ఉదాహరణ అండమాన్. మా జిల్లా నుంచి పోర్ట్ బ్లెయిర్ వెళ్లి స్థిరపడ్డ కుటుంబాలు చాలా ఉన్నాయి, కాబట్టి పిల్లలకి ఆ పేరు కొత్తకాదు. బ్రిటిష్ వాళ్లు 1858లో అక్కడ ఖైదీల స్థావరం పెట్టినప్పుడు గ్రేట్ అండమానీ తెగల వాళ్లు వేలల్లో ఉండేవారు. కొట్లాటల్లో పోయినవాళ్లు కొందరైతే, తరువాత దగ్గరికి తీసి తిండి పెట్టి, ఇళ్లు కట్టించి ఉంచినప్పుడు అంటుకున్న జబ్బులతో పోయినవాళ్లు ఎంతోమంది. 1877లో తట్టు ఊళ్లకూళ్లనే ఊడ్చేసింది. ఇప్పుడు వాళ్లు వందమంది కూడా లేరు.

దాని పక్కన నార్త్ సెంటినెల్ అనే అండమాన్ దీవి కథ చెప్పండి, తొందరపడకుండా. ఆ దీవిలో కొబ్బరి చెట్లుండవు. అందుకని మన ప్రభుత్వం పంపిన బృందాలు ఏళ్ల తరబడి కొబ్బరికాయలు తీసుకెళ్లి దూరంనుంచి ఒడ్డుకి వదిలేవి. 1991 జనవరి 4న మొదటిసారి ఆ దీవివాళ్లు, అంటే సెంటినెలీలు, నీళ్లలోకి దిగి వచ్చి కాయలు అందుకున్నారు. ఆ బృందంలో మధుమాల ఛటోపాధ్యాయ అనే మానవశాస్త్రవేత్త ఉన్నారు. అదే రోజు ఒడ్డున ఒక కుర్రాడు ఆమెకేసి బాణం ఎక్కుపెట్టాడు. పక్కనున్న సెంటినెలీ స్త్రీ వాణ్ణి తోసేసింది, బాణం గురి తప్పి నీళ్లలో పడింది. ఒకే ఒడ్డు, ఒకే రోజు. కాయ అందుకున్న చేతులూ అక్కడివే, బాణం వేసిన చేతులూ అక్కడివే, ఆపిన చేతులూ అక్కడివే. ఇది విన్నాక "సెంటినెలీలు మంచోళ్లా చెడ్డోళ్లా" అని అడగండి. ఉద్దానం పిల్లలు కొబ్బరికాయల మధ్య పెరిగినవాళ్లు. ఆ కాయ తీసుకోడానికి ఎంత ధైర్యం కావాలో వాళ్లే చెబుతారు.

1990ల చివరికల్లా ప్రభుత్వం ఆ ప్రయాణాలు ఆపేసింది. ఇప్పుడు ఆ దీవి దగ్గరికి ఎవరూ వెళ్లకూడదు. మన దగ్గర నావికాదళం ఉంది, హెలికాప్టర్లున్నాయి, తలుచుకుంటే గంటలో వెళ్లగలం. అయినా వెళ్లకుండా ఉండటమే మంచిదని ఎంచుకున్నాం. మనకంటే ఎంతో ముందున్నవాళ్లు ఎక్కడైనా ఉంటే మన విషయంలో కూడా ఇలాగే అనుకుని దూరంగా ఉండిపోయారేమో అని 1973లో జాన్ బాల్ అనే శాస్త్రవేత్త రాశాడు. ఈ ఊహ నాకు ఇష్టం. పిల్లలకి ఇది ఊహేనని స్పష్టంగా చెబుతాను, రుజువు లేదని కూడా చెబుతాను.

కొలంబస్ గురించి ఒక్క ముక్క చాలు. 2010లో భౌతిక శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ ఇచ్చిన హెచ్చరిక అదే: గ్రహాంతరవాసులు వస్తే కొలంబస్ అమెరికాలో దిగినప్పుడు అక్కడివాళ్లకి జరిగినట్టే మనకి జరగొచ్చు. అదే హాకింగ్ 2015లో నక్షత్రాలనుంచి వచ్చే సంకేతాల కోసం 10 కోట్ల డాలర్లతో వెతికే పథకాన్ని ప్రారంభించినప్పుడు వేదిక మీద ఉన్నాడు. వినడం వేరు, పిలవడం వేరు అని ఆయన ఉద్దేశం. పిల్లలు ఈ తేడా దగ్గర తికమకపడతారు, రెండుసార్లు చెప్పండి.

తరువాత గళ్ల కాగితాలు తీయండి. 1974 నవంబర్ 16న ప్యూర్టోరికోలోని అరెసిబో టెలిస్కోపు నుంచి ఎం13 అనే నక్షత్రాల గుంపుకేసి ఒక సందేశం పంపారు. మూడు నిమిషాలు కూడా పట్టలేదు. 1679 చుక్కలు, ఒకట్లూ సున్నాలూ. 1679 అంటే 23 ఇంటూ 73, రెండూ ప్రధాన సంఖ్యలే. కాబట్టి వేరే ఏ వరసల్లోనూ పేర్చలేరు, సరిగ్గా పేరిస్తే బొమ్మ వస్తుంది. దీనికి చిన్న నమూనా నేను 35 అంకెలతో చేశాను, అలాగే వాడుకోండి:

10101101011111100100001000101010001

సగం పిల్లల్ని కాస్త దూరంగా కూర్చోబెట్టి, ఈ అంకెలు మాత్రం ఇచ్చి, ఇంకేమీ చెప్పకండి. 35 అంటే 5 ఇంటూ 7 అని ఎవరో ఒకరు పట్టుకుంటారు. వరసకి ఏడు చొప్పున పెడితే గందరగోళం, అయిదు చొప్పున ఏడు వరసలు పెట్టి ఒకట్లున్న గళ్లు నల్లగా దిద్దితే బొమ్మ. నేను గీసింది రెండు చేతులూ పైకెత్తి పలకరిస్తున్న మనిషి. మొన్న జనవరిలో ఒక గుంపు కాగితం పట్టుకుని పరుగున వచ్చింది. "మేడం, తిరశూలం! పొడుస్తామని సెప్తన్నారు!"

నేను కాగితం వాళ్ల చేతుల్లోనే ఉంచి చూశాను. నిజమే. పైన మూడు మొనలు, మధ్యలో అడ్డం, కింద కర్ర. కాళ్లని పీట అనుకున్నారు. నేను ఆ బొమ్మని మూడేళ్లుగా చూస్తున్నాను, నాకెప్పుడూ త్రిశూలం కనిపించలేదు. ఒకే ఊళ్లో, ఒకే భాష మాట్లాడే పిల్లలకి నా నమస్కారం ఆయుధంలా కనిపించింది. దీన్ని ఏ గడిలో రాయాలని అడిగితే ఒకమ్మాయి కర్ర తీసుకుని రెండు గళ్లకీ మధ్యనున్న గీత మీద రాసింది.

ఇక వాదన. పిల్లల్ని 'పిలుద్దాం', 'వద్దు' అని రెండు జట్లు చేయండి. వద్దనేవాళ్లకి మార్టిన్ రైల్ గురించి చెప్పండి. అదే 1974లో నోబెల్ అందుకున్న బ్రిటన్ ఖగోళ శాస్త్రవేత్త, అరెసిబో సందేశం పంపడం తప్పని గట్టిగా అన్నాడు. భూమ్మీద అందరి తరఫునా పిలిచే హక్కు ఆ కొద్దిమందికి ఎవరిచ్చారన్నది నాకు ఇప్పటికీ న్యాయమైన ప్రశ్నే. పిలుద్దామనేవాళ్లకి ఎం13 దూరం చెప్పండి, దాదాపు 25 వేల కాంతి సంవత్సరాలు, అంటే వెలుగుకే 25 వేల ఏళ్ల ప్రయాణం. మన లెక్కలో 15 వేల కిలోమీటర్ల పైన, భూమి అడ్డుకొలతకన్నా ఎక్కువ. మన రేడియో ప్రసారాలు మొదలై నూరేళ్లయింది కదా, వెలుగు వేగంతో వెళ్లినా మన లెక్కలో అవి చేరింది 63 కిలోమీటర్లు, అంటే ఇక్కడినుంచి శ్రీకాకుళం దాకా. ఇంకో మాట కూడా వాళ్లకి పనికొస్తుంది. మన గాలిలో ఆక్సిజన్ చేరి 200 కోట్ల ఏళ్లు దాటింది. మంచి టెలిస్కోపు ఉన్నవాళ్లెవరైనా ఉంటే ఇక్కడ ప్రాణముందని వాళ్లు ఎప్పుడో అనుమానించి ఉంటారు. మనం నోరు మూసుకున్నంత మాత్రాన దాక్కున్నట్టు కాదు.

పది నిమిషాలయ్యాక జట్లు మార్చండి. ఇది మాత్రం వదలకండి. తను నమ్మని పక్షాన మాట్లాడినప్పుడే పిల్లలు నిజంగా ఆలోచిస్తారు. మీ అభిప్రాయం అడుగుతారు, దాచకుండా చెప్పండి. వినాలి, తొందరపడి పిలవకూడదు అన్నది నాది.

సంకేతం నిజంగా వస్తే ఏం చేయాలని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. 1977 ఆగస్టు 15న అమెరికాలోని ఒహాయోలో 72 సెకన్లపాటు ఒక బలమైన సంకేతం అందింది, మళ్లీ ఎప్పుడూ వినిపించలేదు. శాస్త్రవేత్తలు 1989లో కొన్ని నియమాలు రాసుకున్నారు. వేరేవాళ్లతో సరిచూపించుకోవాలి, అందరికీ చెప్పాలి, దేశాలన్నీ మాట్లాడుకోకుండా జవాబివ్వకూడదు. వీటికి చట్టబలం లేదని కూడా చెప్పండి.

చీకటి పడ్డాక టార్చి ఆర్పి దక్షిణంవైపు చూపించండి. జనవరిలో అక్కడ టావ్ సెటి అనే మసక నక్షత్రం కనిపిస్తుంది. 1960లో ఫ్రాంక్ డ్రేక్ అనే ఖగోళ శాస్త్రవేత్త గ్రహాంతరవాసుల సంకేతాల కోసం మొట్టమొదట చెవి పెట్టి విన్న రెండు నక్షత్రాల్లో ఇదొకటి. దూరం దాదాపు 12 కాంతి సంవత్సరాలు. ఏడో తరగతి పిల్లలు పుట్టిన ఏడాది అక్కడ బయల్దేరిన వెలుగు ఇప్పుడు వాళ్ల కళ్లలో పడుతోంది. కాసేపు ఎవరూ మాట్లాడరు, మీరు కూడా మాట్లాడకండి.

మొన్న శని గ్రహం కూడా పడమటివైపు కనిపిస్తోంది. దాని చుట్టూ తిరిగిన కాసిని వ్యోమనౌక సంగతి చెప్పాను. ఇంధనం అయిపోవస్తుంటే 2017 సెప్టెంబర్ 15న దాన్ని శని వాతావరణంలోకే పంపి కాల్చేశారు. శని ఉపగ్రహాలు ఎన్సెలాడస్, టైటన్‌ల మీద ఎప్పుడైనా పడి, మన సూక్ష్మజీవులేమైనా దాని మీద మిగిలుంటే, అక్కడ ఉండగల జీవానికి చెడుపు జరగకూడదని.

గీత మీద రాసిన ఆ అమ్మాయే, "అంటే అక్కడోళ్లకి మనమే గ్రహాంతరవాసులం కదా మేడం" అంది. టార్చి వేయమని అడిగి, ఇసుకలో గళ్ల దగ్గరికెళ్లి, పేర్ల వరస చివర 'మనం' అని రాసింది. మొదటి గడిలో 'మంచి' అని పెట్టింది. రెండో గడి ఖాళీగా వదిలేసి వచ్చి కూర్చుంది.