తరగతి గదిలో యోగా – 4వ పాఠం: ముందు ఊదించండి

నిలబడి చేసే ఆసనాలు ఈసారి మొదలుపెడదామని పోయిన పాఠం చివర్లో రాశాను. అవి కొంచెం ఆగాలి. మూడోదైన ఆ శ్వాస పాఠం క్లాసులో చేయించి చూసిన టీచర్లు రాసిన ఉత్తరాలు అలా ఉన్నాయి మరి. ఒక బళ్ళో ఆరో తరగతి పిల్ల కళ్ళు తిరుగుతున్నాయని బెంచీ మీద తల వాల్చేసింది. ఇంకో చోట వేళ్ళు తిమ్మిరెక్కాయని పిల్లలు ఏడుపు మొహాలు పెట్టారు. మరో చోట క్లాసు క్లాసంతా ముక్కుతో బుస్సుమని పోటీలు పడి, చివరికి నవ్వులాటలో తేలింది. "మా పిల్లలకి ఇవి పడవేమోనండీ" అని ఒక మాస్టారు రాశారు. పడకపోవడమేం లేదు. ఇన్ని ఉత్తరాల్లోనూ ఒకే వాక్యం ఉంది: "గట్టిగా గాలి పీల్చండి అని చెప్పాను."

మూడో పాఠం మళ్ళీ తీసి చూడండి. గట్టిగా పీల్చమని అందులో ఎక్కడా లేదు. నెమ్మదిగా వదలమని ఉంది.

అదీ ఇదీ ఒకటే కదా అనుకుంటారు. ఒకటి కాదు. "గట్టిగా పీల్చండి" అనగానే పిల్లలు ఏం చేస్తారో పక్కన నిలబడి చూడండి. భుజాలు చెవుల దాకా లేస్తాయి. పొట్ట లోపలికి పోతుంది, మెడ బిగుస్తుంది, మొహంలో ఎక్కడలేని సీరియస్‌నెస్. పీల్చింది కాస్తా ఒక్క ఊపున వదిలేసి వెంటనే ఇంకోటి లాగుతారు, టీచరు చూస్తున్నారు కదా! నిమిషం తిరిగేసరికి ఒంటికి కావలసిన దానికంటే ఎక్కువ గాలి లోపలికీ బయటికీ తిరుగుతుంటుంది. "మంచిదే కదండీ, ఆక్సిజన్ ఎక్కువ అందుతుంది" అని ఒకరు వాదించారు కూడా. ఆరోగ్యంగా ఉన్న పిల్లాడు ఊరికే కూర్చున్నా రక్తంలో ఆక్సిజన్ దాదాపు నిండుగానే ఉంటుంది, ఇంకా పెరగడానికి అక్కడ చోటు లేదు. ఈ ఊపిరి పోటీలో జరిగేదల్లా కార్బన్ డయాక్సైడ్ పడిపోవడం. అది చెడ్డ గాలి, ఎంత పోతే అంత మంచిదని చిన్న తరగతుల సైన్సులో మనమే చెప్పి వదిలేస్తాం. కానీ రక్తంలో అది ఉండాల్సినంత ఉండి తీరాలి. బాగా తగ్గితే మెదడుకు రక్తం తీసుకెళ్ళే నాళాలు సన్నబడతాయి. కళ్ళు తిరగడం అందుకే. వేళ్ళ చివర, పెదాల చుట్టూ తిమ్మిరి రావడమూ ఆ లెక్కలోదే. అది "శక్తి మేల్కోవడం" అని పిల్లలకి చెప్పిన టీచరుగారు కూడా ఒకరున్నారు. దయచేసి వద్దు.

ఎవరికైనా అలా అయితే కంగారు పడకుండా కూర్చోబెట్టి మాట్లాడించండి. పొద్దున ఏం తిన్నావు, మీ తమ్ముడు ఏ క్లాసు, ఏదో ఒకటి. మాట్లాడుతూ వేగంగా గాలి లాగడం కుదరదు కాబట్టి శ్వాస దానంతటదే దారిలో పడుతుంది. మూతికి కాగితం సంచీ పెట్టకండి. ఉబ్బసం ఉన్న పిల్లలైనా, కాసేపటికి తగ్గకపోయినా ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికే.

దీనికి తోడు అంకెల గొడవ ఒకటి. యూట్యూబ్‌లో చూసి నాలుగు అంకెలు పీల్చడం, నాలుగు ఆపడం, ఎనిమిది వదలడం చేయించినవాళ్ళు ఉన్నారు. లెక్క వేయండి. ఒక్కో శ్వాసకు 16 సెకన్లు, అంటే నిమిషానికి నాలుగుకి కూడా తక్కువ. ఎనిమిదేళ్ళ పిల్లాడు మామూలుగా కూర్చుని నిమిషానికి సుమారు 20 సార్లు ఊపిరి తీస్తాడు. మనం పెద్దవాళ్ళం పదిహేను అటూ ఇటూ. ఇరవై నుంచి నాలుక్కి దించమంటే వాడు దొంగచాటుగా మధ్యలో గాలి పీలుస్తాడు, లేదా ఉక్కిరిబిక్కిరై వదిలేస్తాడు. కాబట్టి చిన్న పిల్లలకి అంకెలు వద్దు, ఊపిరి బిగబట్టడం అసలే వద్దు. గాలిని వేగంగా, బలంగా కొట్టే కపాలభాతి, భస్త్రిక హైస్కూల్లో కూడా నేను చేయించను. అవి బాగా నేర్పేవాళ్ళు ఉన్నారు, వాళ్ళ దగ్గరే నేర్చుకోనివ్వండి.

ఇక వదలడం ఎందుకంటారా? పీల్చినప్పుడు గుండె కాస్త వేగం పెంచుకుంటుంది, వదిలినప్పుడు నెమ్మదిస్తుంది. మెదడు నుంచి గుండెకి దిగే వేగస్ నరం పని అది. వదలడం ఎంత సాగితే నెమ్మదించే సమయం అంత సాగుతుంది. తొమ్మిదో తరగతి వాళ్ళకైతే ఈ మాట చెప్పకండి, మణికట్టు దగ్గర నాడి పట్టుకుని వాళ్ళనే చూసుకోమనండి. నాడి దొరకడానికే సగం పిరియడ్ పోతుంది, పోనివ్వండి. "సార్, నిజంగానే స్లో అయింది" అని వెనక బెంచీ నుంచి ఒకడు అరుస్తాడు. ఆ తర్వాత మీరు బతిమాలనక్కర్లేదు.

చిన్నవాళ్ళకి కాగితం ముక్క చాలు. పాత నోటుబుక్కులోంచి వేలెడు వెడల్పున, జానెడు పొడవున చింపండి. పై కొస పట్టుకుని మూతికి ఎదురుగా వేలాడదీయాలి. పెదాలు సున్నాలా చుట్టి, వేడి పాయసం చల్లార్చుకునేటప్పుడు ఊదినట్టు ఊదాలి. కాగితం పటపటా కొట్టుకుంటే గాలి ఎక్కువైనట్టు. కొంచెం వాలి, అలా వాలే ఉంటే సరైన ఊదు. కాగితం కిందికి దిగిపోగానే నోరు మూసుకుని కాసేపు ఊరుకోవాలి, పీల్చడం దానంతటదే జరిగిపోతుంది. ఎవరూ చెప్పక్కర్లేదు, చెప్పకండి కూడా. నాలుగైదు ఊదులు చాలు. "నెమ్మదిగా వదలండర్రా" అన్నది తప్ప ఇందులో మీ మాట వినపడకూడదు.

భ్రామరి సంగతి మీకు తెలిసిందే. తుమ్మెదలా "మ్మ్" అంటుంటే గాలి సన్నగా, పొడుగ్గా పోతుంది. నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే, ఎందుకంటే దీన్ని తప్పుగా చేయడం కష్టం. ఓంకారం అనాలా అని అడిగారు. అక్కర్లేదు. ఏ ఇంటి పిల్లయినా "మ్మ్" అనగలదు.

ఇంకో మాట. పిల్లల్ని బెంచీల మీంచి లేపకుండా నేరుగా శ్వాసలోకి దింపకండి. ముందు ఒళ్ళు కదలాలి. 1930లలో మైసూరు జగన్మోహన్ ప్యాలెస్ యోగశాలలో యోగా గురువు కృష్ణమాచార్య గారు కుర్రాళ్ళకి నేర్పిన పద్ధతి చూడండి, ఒక ఆసనంలోంచి ఇంకో ఆసనంలోకి గెంతుతూ, శ్వాసతో కలిపి కదులుతూ పోవడమే. ఆయనకి తెలుసు కుర్రాళ్ళ సంగతి. మీరు గెంతించకపోయినా చేతులు పైకెత్తి దించడం పదిసార్లు చేయించండి, అప్పుడు కాగితం ఇవ్వండి. మధ్యాహ్న భోజనం అయిన వెంటనే మాత్రం ఒళ్ళు వంచే పని ఏదీ పెట్టకండి. ఆ టైములో ఏదైనా చేయించాలంటే చిక్కీ ఉంది. ముక్క నాలుక మీద పెట్టుకుని, బెల్లం కరిగి పల్లీ పలుకు బయటపడేదాకా నమలకుండా ఉండమనండి. మైండ్‌ఫుల్‌నెస్, అంటే చేస్తున్న పని మీదే ధ్యాస ఉంచడం, నేర్పే క్లాసుల్లో కిస్మిస్‌తో చేయించేది ఇదే. మనకి చిక్కీ నయం, ఎక్కువసేపు ఉంటుంది.

హెచ్.ఎం.గారు మార్కులు పెరుగుతాయా అని అడుగుతున్నారని చాలామంది రాశారు. పెరుగుతాయని మాట ఇవ్వకండి. బ్రిటన్‌లో 80కి పైగా స్కూళ్ళలో, 8 వేల మందికి పైగా పిల్లలతో మైండ్‌ఫుల్‌నెస్ పాఠాల మీద పెద్ద పరిశోధన జరిగింది. ఫలితాలు 2022లో వచ్చాయి. మామూలు పాఠాలు విన్న పిల్లల కంటే వీళ్ళ మానసిక ఆరోగ్యం మెరుగ్గా ఏమీ లేదు. ఇంట్లో సాధన చేసినవాళ్ళు తక్కువే. నాకేమో అందులో ఆశ్చర్యం కనిపించలేదు, శ్వాసను కూడా సోషల్ పాఠంలా చెబితే పిల్లలు దాన్ని సోషల్ పాఠంలాగే వింటారు. ఢిల్లీ ప్రభుత్వ బళ్ళలో 2018లో ధ్యానం, కథలతో మొదలైన హ్యాపీనెస్ పిరియడ్‌లో నాకు నచ్చింది ఒకటే, దానికి పరీక్ష ఉండేది కాదు.

మరి ఉపయోగం ఏమిటి? ఇంటర్వెల్ తర్వాత క్లాసు కుదురుకోవడానికి పట్టే టైము తగ్గుతుంది, అది మీకే తెలుస్తుంది. పిల్లల వైపు నుంచి చూస్తే, క్వశ్చన్ పేపర్ చేతికి రాగానే అరచేతులు చల్లబడుతున్నాయని, పొట్టలో ఏదో అవుతోందని వాడు ముందే పసిగడతాడు. టెన్షన్ పోదు. టెన్షన్ వచ్చిందని తెలుస్తుంది, ఒక పొడుగాటి ఊదు ఊది మొదటి ప్రశ్న చదువుతాడు. ఇంతకంటే నేను ఆశించను.

అల్లరి చేసినవాణ్ణి "కళ్ళు మూసుకుని ధ్యానం చెయ్" అని మూల కూర్చోబెట్టేవాళ్ళకి ఈ పాఠాలు పనికిరావు. గోడకుర్చీ బదులు పద్మాసనం వేయించినట్టే అది. అసలు కళ్ళు మూయమని కూడా నేను అడగను. కొందరు పిల్లలకి కళ్ళు మూస్తే భయం, ఎందుకో మనకి చెప్పరు. నేల మీద ఒక గచ్చు పలక చూస్తూ కూర్చున్నా సరిపోతుంది.

అభ్యాసం ఈసారి పిల్లలకి కాదు, మీకు. వారం రోజులు రోజుకొకరి చొప్పున, పిల్లలకి తెలియకుండా, వాళ్ళు రాసుకుంటున్నప్పుడు భుజాలో పొట్టో చూస్తూ ఒక నిమిషం శ్వాస లెక్కపెట్టండి. తెలిస్తే లెక్క మారిపోతుంది. ఇంటర్వెల్ ముందు ఒకసారి, తర్వాత ఒకసారి. అంకెలు పుస్తకంలో రాయండి, పేర్లు రాయకండి. పడుకునే ముందు కాగితం ముక్క పట్టుకుని మీరూ ఊదండి, అది కొట్టుకోకుండా వాలి నిలిచేదాకా. కాగితాన్ని అలా నిలపలేనివాళ్ళు ఐదో పాఠానికి రాకండి. అందులో వృక్షాసనం ఉంది, ఒంటికాలి మీద ఊపిరి బిగబట్టే పిల్లల్ని మీరు సరిచేయాల్సి వస్తుంది. తాడాసనం గురించి నేనేమీ చెప్పను, నిటారుగా నిలబడటం ప్రార్థనలో రోజూ చేస్తున్నారు.