వ్యాపార అవకాశాన్ని గుర్తించడంలో పరిచయాలు, నైపుణ్యాలు

ఏ వ్యాపారం పెట్టాలా అని ఆలోచించే ముందు, మీకు ఏయే పనులు లోతుగా తెలుసో కాగితం మీద రాసుకోండి. "మార్కెటింగ్ తెలుసు" అని రాస్తే సరిపోదు; "మందుల దుకాణంలో గడువు తీరిన సరుకును కంపెనీకి తిప్పి పంపే లెక్కలు చూశాను" అన్నంత వివరంగా ఉండాలి. అమెరికాలోని ఎమ్‌ఐటీ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఒక త్రీడీ ప్రింటింగ్ (వస్తువును పొరలు పొరలుగా పేర్చి తయారుచేసే పద్ధతి) ఆవిష్కరణను వ్యాపారంగా మలచాలనుకున్న ఎనిమిది బృందాలపై పరిశోధకుడు స్కాట్ షేన్ 2000లో ప్రచురించిన అధ్యయనం ఇందుకు మంచి ఉదాహరణ. ఆవిష్కరణ ఒకటే అయినా, ఒకరికి అందులో మందుబిళ్లల తయారీ, మరొకరికి లోహాల పోతకు కావలసిన అచ్చులు కనిపించాయి. ఎవరికి ఏది తట్టిందన్నది వారి పూర్వానుభవాన్ని బట్టే ఉంది.

తర్వాత పరిచయస్థుల జాబితా రాయండి, కానీ సాన్నిహిత్యాన్ని బట్టి కాక, వారు పనిచేసే రంగాన్ని బట్టి. ఆప్తమిత్రులకు తెలిసినది చాలావరకు మనకూ తెలిసే ఉంటుంది. కొత్త సమాచారం అప్పుడప్పుడో అరుదుగానో కలిసేవారి నుంచే ఎక్కువగా వస్తుంది. సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1973లో చూపినది ఉద్యోగాల విషయమే అయినా ఇక్కడా వర్తిస్తుంది: పరిచయాల ద్వారా ఉద్యోగం పొందినవారిలో, ఆ సమాచారమిచ్చిన వ్యక్తిని తరచుగా కలుస్తుండినవారు 16.7 శాతమే.

వారిని కలిసినప్పుడు మీ ఆలోచన ఎలా ఉందని అడగకండి. మొహమాటానికి బాగుందనేస్తారు, ఆ మెచ్చుకోలుతో ఒరిగేదేమీ లేదు. దానికి బదులు, వారి పనిలో విసుగు పుట్టించేదేమిటి, అది చివరిసారి ఎప్పుడు ఎదురైంది, అప్పుడు ఏం చేశారు, దానికి ఎంత ఖర్చయింది అని అడగండి. ఎవరైనా ఒక సమస్యను తప్పించుకోవడానికి సొంతంగా ఎక్సెల్ పట్టిక తయారుచేసుకున్నారనో, మనిషిని పెట్టుకున్నారనో చెబితే అక్కడ ఆగి వివరాలు రాబట్టండి, ఎందుకంటే వారు దానికోసం అప్పటికే డబ్బో సమయమో వెచ్చిస్తున్నారు. మీరు కూడా వారికి పనికొచ్చే సమాచారమో, మరొకరి పరిచయమో అందించండి. అవసరానికి మాత్రమే ఫోన్ చేసేవారికి ఎవరూ మనసు విప్పి చెప్పరు.

ఒకే బృందానికి చెందిన నలుగురు ఒకే ఫిర్యాదు చేస్తే దాన్ని ఒక్క సాక్ష్యంగానే లెక్కించండి. ఒకరినొకరు ఎరుగని వారి నుంచి అదే మాట వినిపించి, దాని పరిష్కారంలో కొంత భాగమైనా మీ మొదటి జాబితాలోని నైపుణ్యాలకు అందేలా ఉంటే, చిన్న నమూనా చేసి, ఫిర్యాదు చేసినవారినే ముందస్తు ఆర్డర్ ఇస్తారా అని అడగండి.