పాత కేబుల్‌ను కొత్త ఎస్‌ఎంపీఎస్‌కు తగిలించవద్దు: డెస్క్‌టాప్ విప్పే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

రెండు వారాల క్రితం హనుమకొండ నుంచి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. నాలుగేళ్ల క్రితం తానే అసెంబుల్ చేసుకున్న కంప్యూటర్‌కు కొత్త గ్రాఫిక్స్ కార్డు కొన్నాడు. దానికి పాత 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (గోడ సాకెట్ కరెంటును కంప్యూటర్ భాగాలకు కావలసిన వోల్టేజీలుగా మార్చి ఇచ్చే పెట్టె) చాలదని తెలిసి 750 వాట్లది తెప్పించుకున్నాడు. క్యాబినెట్ వెనక వైపు కేబుళ్లన్నిటినీ అప్పట్లో ఎంతో ఓపికగా సర్ది, టైలతో బిగించి పెట్టుకున్నాడు. ఆ అమరికను చెదరగొట్టడం ఇష్టం లేక పాత ఎస్‌ఎంపీఎస్ పెట్టెను మాత్రం బయటికి తీసి, డిస్కులకు వెళ్లే పాత కేబుల్ కొసను తెచ్చి కొత్తదానికి తగిలించాడు. అది చక్కగా దిగింది, క్లిప్పు కూడా పడింది. స్విచ్ వేయగానే చిన్న చిటపట, వెంటనే కాలిన వాసన. ఒక 1 టీబీ ఎస్‌ఎస్‌డీ, ఒక 4 టీబీ హార్డ్ డిస్కు ఆ క్షణంలోనే పోయాయి. మా బాబాయి గారి చివరి రెండేళ్ల ఫొటోలు, వీడియోలు ఆ హార్డ్ డిస్కులోనే ఉన్నాయి, మరెక్కడా లేవు.

ఈ ఒక్క పొరపాటు వల్ల డిస్కులు పోగొట్టుకున్నవారిని చూడడం నాకు ఇది మూడోసారి. ముగ్గురూ తెలివైనవారే, ముగ్గురూ అంతకు ముందు కంప్యూటర్ విప్పి బిగించినవారే. అందుకే దుమ్ము దులపండి, స్క్రూలు పోగొట్టుకోకండి వంటి అందరికీ తెలిసిన మాటలు వదిలేసి అసలు విషయానికే వస్తున్నాను.

ఇప్పుడు రాయడానికి మరో కారణమూ ఉంది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 (భద్రతా కీలను దాచి ఉంచే ఏర్పాటు) ఉండాలి, ఇంటెల్ అయితే దాదాపుగా 8వ తరం, ఏఎండీ అయితే రైజెన్ 2000 లేదా ఆ పైవి కావాలి. 2015, 2016 ప్రాంతాల్లో అసెంబుల్ చేసుకున్నవారు మదర్‌బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ కలిపి మార్చక తప్పడం లేదు. వాటితో పాటు చాలామంది ఎస్‌ఎంపీఎస్‌నూ మారుస్తున్నారు గాని డిస్కులను మాత్రం పాతవే ఉంచుకుంటున్నారు, ఎందుకంటే డేటా ఉన్నది వాటిలోనే. మనం చెప్పుకుంటున్న పొరపాటుకు సరిగ్గా ఇదే తావు.

ఎస్‌ఎంపీఎస్ మార్చేటప్పుడు

ఎస్‌ఎంపీఎస్‌లలో ప్రధానంగా రెండు రకాలున్నాయి. ఒక రకంలో కేబుళ్లన్నీ పెట్టెలోంచే బయటికి వస్తాయి, వాటిని ఊడదీయలేము. మాడ్యులర్ అని పిలిచే రెండో రకంలో పెట్టెకు సాకెట్లు మాత్రమే ఉంటాయి, కావలసిన కేబుళ్లను మనమే తగిలించుకోవాలి. ప్రమాదమంతా ఈ రెండో రకంలోనే ఉంది.

మదర్‌బోర్డుకు, డిస్కుకు, గ్రాఫిక్స్ కార్డుకు తగిలే కొసలో ఏ పిన్నులో ఎన్ని వోల్టులు రావాలన్నది అన్ని కంపెనీలూ పాటించే ప్రమాణం. ఎస్‌ఎంపీఎస్ పెట్టెకు తగిలే కొసకు మాత్రం అలాంటి ప్రమాణమేదీ లేదు. అక్కడ ఏ పిన్నులో 12 వోల్టులు పెట్టాలి, దేనిలో 5, దేనిలో గ్రౌండ్ అన్నది ప్రతి తయారీదారు తన ఇష్టప్రకారం నిర్ణయించుకుంటాడు. అయినా ప్లగ్గు ఆకారం మాత్రం చాలా కంపెనీలలో ఒకటే కావడం వల్ల ఒక కంపెనీ కేబుల్ మరో కంపెనీ పెట్టెలోకి ఏ ఇబ్బందీ లేకుండా దిగిపోతుంది. దిగినంత మాత్రాన అది సరైనది కాదు. పూర్వం పసుపు రంగు తీగ అంటే 12 వోల్టులు, ఎరుపు అంటే 5, నారింజ అంటే 3.3, నలుపు అంటే గ్రౌండ్ అని కంటితో పోల్చుకునే వీలుండేది. ఇప్పుడు మాడ్యులర్ కేబుళ్లలో తీగలన్నీ నల్లగానే వస్తున్నాయి కాబట్టి ఆ ఆధారమూ పోయింది.

2.5 అంగుళాల ఎస్‌ఎస్‌డీ 5 వోల్టులతో నడుస్తుంది. వేరే ఎస్‌ఎంపీఎస్ కేబుల్ తగిలించినప్పుడు ఆ 5 వోల్టుల దారిలోకి 12 వోల్టులు వస్తే దాని కంట్రోలర్ చిప్పు తట్టుకోలేదు. హార్డ్ డిస్కులో కూడా 5 వోల్టుల వైపున్న రక్షణ డయోడు షార్ట్ అవుతుంది, లేదా కింది సర్క్యూట్ బోర్డు కాలుతుంది. అలాంటిదే మరో డిస్కు కొని దాని బోర్డు తెచ్చి బిగిస్తే సరిపోతుందని కొందరు సలహా ఇస్తారు గాని, ఈ కాలపు డిస్కులలో ఆ డిస్కుకు మాత్రమే చెందిన కొలతలు బోర్డు మీది చిప్పులోనే ఉంటాయి కనుక దాన్ని కూడా జాగ్రత్తగా మార్చగలిగే నిపుణులు కావాలి. ఎస్‌ఎస్‌డీల విషయం ఇంకా కష్టం, ఎందుకంటే చాలా వాటిలో డేటాను కంట్రోలరే ఎన్‌క్రిప్ట్ చేసి (కీ లేనిదే చదవలేని రూపంలోకి మార్చి) ఉంచుతుంది, కంట్రోలర్ పోతే మెమరీ చిప్పులు బాగున్నా వాటిలోది చదవలేము.

కాబట్టి పాత ఎస్‌ఎంపీఎస్ బయటికి వచ్చినప్పుడు దాని కేబుళ్లన్నీ దానితోనే బయటికి రావాలి. ఒక్కటి కూడా లోపల మిగలకూడదు. వెనక ఎంత అందంగా సర్ది ఉన్నా సరే, టైలు కత్తిరించి తీయాలి.

రెండూ ఒకే కంపెనీవి కదా అన్న ధైర్యం కూడా వద్దు. ఒకే కంపెనీలో ఒక సిరీస్‌కూ మరో సిరీస్‌కూ, కొన్నిసార్లు ఒకే సిరీస్‌లో పాత తయారీకీ కొత్త తయారీకీ పిన్నుల వరుస మారిన సందర్భాలు ఉన్నాయి. మల్టీమీటరుతో కొలిచి చూసుకోవచ్చు కదా అని అడిగేవారు ఉంటారు. కొలవవచ్చు, అది తెలిసినవారికి ఆ పని కష్టం కాదు. అయితే కొత్త ఎస్‌ఎంపీఎస్ డబ్బాలో దాని కేబుళ్లు ఉండనే ఉన్నప్పుడు ఆ సాహసం ఎందుకు? ఆదా అయ్యేది అరగంట, పోయేది పదేళ్ల డేటా.

పని దుకాణంలో చేయిస్తున్నా ఈ జాగ్రత్త మీదే. పని తొందరగా తెమలడం కోసం పాత కేబుళ్లనే ఉంచేసే మెకానిక్కులు ఉన్నారు. దగ్గర నిలబడి, "పాత కేబుళ్లన్నీ తీసి నా చేతికి ఇవ్వండి" అని అడగాలి. సెకండ్ హ్యాండ్‌లో మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్ కొనేవారు దాని సొంత కేబుళ్లు లేకుండా ఎంత చవకగా ఇచ్చినా కొనవద్దు, ఆ కేబుళ్లు దానివేనని అమ్మేవాడు రుజువు చూపలేకపోయినా కొనవద్దు.

విప్పడానికి ముందు రోజు

డేటా కాపీ తీసుకోవడం గురించి అందరూ చెబుతారు, అందరూ వాయిదా వేస్తారు. నేను చెప్పేది ఒక్కటే. ఆ కాపీ అదే క్యాబినెట్‌లోని మరో డిస్కులో ఉంటే అది కాపీ కాదు. హనుమకొండలో ఒకే కేబుల్ మీద ఉన్న రెండు డిస్కులూ ఒకే క్షణంలో పోయాయి. కాపీ ఉన్న డిస్కు వేరే గదిలో, ఏ వైరూ తగిలించకుండా ఉండాలి.

డిస్కును ఎన్‌క్రిప్ట్ చేసే విండోస్ ఏర్పాటు పేరు బిట్‌లాకర్. దాని రికవరీ కీని కాగితం మీద రాసుకోవాలి. "నేను బిట్‌లాకర్ పెట్టలేదు" అనుకునేవారే ఇక్కడ ఎక్కువగా చిక్కుకుంటున్నారు, ఎందుకంటే విండోస్ 11 24హెచ్2 వెర్షన్‌ను కొత్తగా ఇన్‌స్టాల్ చేసి మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే చాలా కంప్యూటర్లలో డ్రైవ్ దానంతటదే ఎన్‌క్రిప్ట్ అవుతుంది. మదర్‌బోర్డు గాని, ప్రాసెసర్ గాని మార్చినప్పుడు, ఒక్కోసారి బయాస్ (మదర్‌బోర్డులోనే ఉండి కంప్యూటర్‌ను మొదలుపెట్టే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసినప్పుడు కూడా, టీపీఎం పాత తాళాన్ని గుర్తుపట్టక 48 అంకెల కీ అడుగుతుంది. అది లేకపోతే డిస్కు నిక్షేపంగా ఉన్నా తెరుచుకోదు. మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఆ కీ ఉందో లేదో ముందే చూసుకుని, పని మొదలుపెట్టే ముందు బిట్‌లాకర్‌ను తాత్కాలికంగా నిలిపివేయాలి.

పాత బోర్డులో కొత్త ప్రాసెసర్ వేసేవారు, పాత ప్రాసెసర్ ఇంకా బోర్డులో ఉండగానే బయాస్ అప్‌డేట్ చేసుకోవాలి. పాత బీ450 రకం బోర్డులో తరువాత వచ్చిన రైజెన్ 5000 ప్రాసెసర్ వేయాలనుకున్న చాలామంది ఈ క్రమాన్ని తప్పి, తెర మీద ఏమీ రాక, ప్రాసెసరే చెడ్డదని తిరిగి పంపించారు. ఇంటెల్ 13, 14 తరాల ప్రాసెసర్లు ఎక్కువ వోల్టేజీ వల్ల క్రమంగా దెబ్బతింటున్నాయని 2024లో తేలింది, దానికి దిద్దుబాటు బయాస్ ద్వారానే వచ్చింది. అవి వాడుతున్నవారు ఇప్పటికీ పాత బయాస్‌తోనే ఉంటే ఇంకేమీ మార్చకపోయినా ముందు ఆ పని చేయాలి. బయాస్ అప్‌డేట్ మధ్యలో కరెంటు పోకూడదు కాబట్టి యూపీఎస్ ఉండాలి, ఆ యూపీఎస్ బ్యాటరీ నిజంగా పనిచేస్తుందో లేదో ముందే ప్లగ్గు తీసి పరీక్షించుకోవాలి.

ఎర్తింగ్

క్యాబినెట్‌ను తాకితే చేతికి జివ్వుమని తగులుతున్నదంటే ఎర్తింగ్ లేదన్నమాట. ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టరు కెపాసిటర్ల నిర్మాణం వల్ల, ఎర్త్ తీగ లేని చోట 230 వోల్టులలో సుమారు సగం క్యాబినెట్ మీదికి వస్తుంది. కరెంటు స్వల్పమే అయినా, మానిటరు కేబులో యూఎస్‌బీ కేబులో తగిలించేటప్పుడు అది పోర్టులను పాడుచేయగలదు. మూడో పిన్ను లేని ప్లగ్గులు, ఎర్త్ తీగ కలపని ఎక్స్‌టెన్షన్ బోర్డులు మన ఇళ్లలో లెక్కలేనన్ని ఉన్నాయి. వేల రూపాయల గ్రాఫిక్స్ కార్డు కొనే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ఆ ఒక్క సాకెట్‌కైనా సరైన ఎర్తింగ్ ఇప్పించుకోవడం మంచిది.

ఇక చేతులు పెట్టినప్పుడు

పాత కేబుళ్లు బయటికి తీశారా? తీయకపోతే ఇక్కడే ఆగి, వాటిని తీసి రండి.

ప్రాసెసర్‌కు వెళ్లే 8 పిన్నుల కేబుల్, గ్రాఫిక్స్ కార్డుకు వెళ్లే 8 పిన్నుల కేబుల్ చూపులకు కవలల్లా ఉంటాయి. ఒకదానిలో 12 వోల్టులు ఉన్న వరుసలో రెండోదానిలో గ్రౌండ్ ఉంటుంది. ప్లగ్గు మీద సీపీయూ (ప్రాసెసర్‌ది) అని ఉందో పీసీఐఈ (గ్రాఫిక్స్ కార్డుది) అని ఉందో చదవండి. దిగకపోతే బలవంతం చేయవద్దు.

మోలెక్స్ (పాత రకం 4 పిన్నుల పవర్ ప్లగ్గు) నుంచి సాటాకు (డిస్కులకు తగిలే ప్లగ్గుకు) మార్చే చవక అడాప్టర్లు వాడవద్దు. వాటిలో ప్లాస్టిక్ కరిగించి తీగల చుట్టూ అచ్చుపోసిన రకం లోపలే షార్ట్ అయి మండిన సందర్భాలు ఉన్నాయి.

కొత్త గ్రాఫిక్స్ కార్డులకు వచ్చే 16 పిన్నుల కనెక్టరును పూర్తిగా లోపలికి నొక్కండి. 600 వాట్లంటే ఆ చిన్న ప్లగ్గులోని ఆరు పిన్నుల గుండా 50 ఆంపియర్లు. 2022 చివర్లో ఆర్‌టీఎక్స్ 4090 కార్డుల ప్లగ్గులు కరిగినప్పుడు, సగం మాత్రమే దిగిన ప్లగ్గులే ప్రధాన కారణమని ఎన్విడియా చెప్పింది. ప్లగ్గు దగ్గరే కేబుల్‌ను మడవవద్దు, కనీసం మూడు నాలుగు సెంటీమీటర్లు తిన్నగా వెళ్లనివ్వండి. క్యాబినెట్ అద్దం ఆ కేబుల్‌ను నొక్కుతుంటే ఆ క్యాబినెట్‌కు ఆ కార్డు సరిపడదు.

ఎస్‌ఎంపీఎస్ మూత ఎప్పుడూ విప్పవద్దు. ప్లగ్గు తీసిన తరువాత కూడా లోపలి కెపాసిటరులో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండగలదు. ఫ్యాను చప్పుడు చేస్తున్నదని విప్పవద్దు, దుమ్ము దులపడానికీ విప్పవద్దు.

ఏఎం4 (ఏఎండీ వారి సాకెట్ రకం) ప్రాసెసర్ మీది కూలర్‌ను నిలువుగా లాగవద్దు. రెంటి మధ్య పూసిన, వేడిని చేరవేసే పేస్టు గట్టిపడి ఉంటే ప్రాసెసర్ కూడా దానితో పాటే ఊడి వచ్చి పిన్నులు వంగుతాయి. ముందు పది నిమిషాలు కంప్యూటర్ నడిపి వేడెక్కనిచ్చి, ఆపి, కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పి తీయండి.

ఇంటెల్ బోర్డులలో పిన్నులు సాకెట్‌లోనే ఉంటాయి. వాటిని గుడ్డతో తుడవవద్దు, వేలు పెట్టవద్దు. ఆ సాకెట్ ప్లాస్టిక్ మూతను పారేయవద్దు.

మదర్‌బోర్డులో స్క్రూ రంధ్రం లేని చోట దాని కింద ఇత్తడి స్టాండాఫ్ (బోర్డును క్యాబినెట్ పలకకు తగలకుండా ఎత్తి నిలిపే చిన్న స్తంభం) ఉండకూడదు.

బ్లోయరుతో దుమ్ము ఊదేటప్పుడు ఫ్యాను రెక్కలను వేలితో పట్టుకోండి.

కొత్త విండోస్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఆ ఒక్క డిస్కు తప్ప మరేదీ తగిలించి ఉండకూడదు. తప్పు డిస్కును ఫార్మాట్ చేసినవారిని నేను చూశాను.

ఎం.2 స్లాటులో (సన్నని ఎస్‌ఎస్‌డీని మదర్‌బోర్డు మీదే బిగించే చోటు) కొత్త ఎస్‌ఎస్‌డీ పెట్టాక పాత హార్డ్ డిస్కు కనిపించకపోతే కంగారుపడి డిస్కును ఫార్మాట్ చేయవద్దు. చాలా బోర్డులలో ఆ స్లాటు వాడితే ఒకటి రెండు సాటా పోర్టులు పనిచేయవు. మాన్యువల్ చదివి పోర్టు మార్చండి.

డీడీఆర్5 ర్యామ్ వేసిన తరువాత మొదటిసారి తెర వెలగడానికి కొన్ని నిమిషాలు పట్టవచ్చు. బోర్డు ర్యామ్‌కు తగినట్లు తనను సర్దుకుంటూ ఉంటుంది. ఆ సమయంలో స్విచ్ ఆపవద్దు.

ఉరుములు వినిపిస్తే పని ఆపండి. ప్లగ్గుతో పాటు ల్యాన్ వైరు కూడా తీయండి.

స్విచ్ వేయగానే ఒక్క క్షణం ఫ్యాను కదిలి ఆగిపోతే మళ్ళీ మళ్ళీ నొక్కవద్దు. ఎస్‌ఎంపీఎస్ షార్ట్‌ను గుర్తించి తనంతట తాను ఆగిందేమో, మీరు నొక్కిన ప్రతిసారీ అది మిగిలిన భాగాలను ప్రమాదంలోకి నెడుతుంది. ప్లగ్గు తీసి, ప్రతి కేబులూ ఏ డబ్బాలోంచి వచ్చిందో చూడండి.

మొదటి స్విచ్ డేటా ఉన్న డిస్కులతో వేయవద్దు. డిస్కులేవీ లేకుండా వేసి, బయాస్ తెర వచ్చాక, ఆపి, ప్లగ్గు తీసి, అప్పుడు ఒక్కొక్కటిగా కలపండి. కలిపే ముందు వెనక పలక తీసి, డిస్కు దగ్గర నుంచి ఎస్‌ఎంపీఎస్ దాకా ఆ కేబుల్‌ను వేలితో తడుముతూ వెళ్లండి. అది కొత్త డబ్బాలోదేనని రూఢి కాకపోతే తీసేయండి. పాత కేబుళ్లను పాత ఎస్‌ఎంపీఎస్‌తో కలిపి ఒకే సంచిలో వేసి, మూతి కట్టి, మోడల్ పేరు రాసి అటక మీద పెట్టండి.