జర్మనీలో చెత్త సంగతి: నలిపిన సీసా నుంచి కాలిన మిక్సీ దాకా

మన దగ్గర నీళ్ల సీసా మీద ‘వాడాక నలిపి పారేయండి’ అని రాసి ఉంటుంది. ఆ అలవాటుతోనే ఇక్కడికొచ్చిన మొదటి నెలంతా తాగిన ప్రతి సీసానీ పిండి పిప్పి చేసి సంచిలో వేశాను. తీరా సూపర్ మార్కెట్ మెషిన్‌లో పెడితే ఒక్కటీ తీసుకోలేదు. లోపలికి లాక్కోవడం, వెనక్కి తోసేయడం. నా వెనక క్యూ పెరుగుతోంది. పరువు పోయింది, 5 యూరోలూ పోయాయి.

ఇక్కడ ప్లాస్టిక్ సీసా, డబ్బా డ్రింకు కొన్నప్పుడే ధర మీద 25 సెంట్లు డిపాజిట్ కట్టించుకుంటారు. దాన్నే ఫాండ్ అంటారు. 20 సీసాలంటే 5 యూరోలు. 2022 నుంచి జ్యూస్ సీసాలకు, 2024 నుంచి ప్లాస్టిక్ పాల సీసాలకు కూడా ఇది వర్తిస్తోంది. మెషిన్ లేబుల్ మీది బార్‌కోడ్‌నీ, ఫాండ్ గుర్తునీ చదువుతుంది కాబట్టి సీసా నలగకూడదు, లేబుల్ ఊడకూడదు. చివర్లో బటన్ నొక్కితే చీటీ వస్తుంది, దాన్ని అదే షాపు కౌంటర్‌లో ఇవ్వాలి. కడిగి మళ్లీ వాడే సీసాలకు 8 లేదా 15 సెంట్లే. ఆ రకం సీసా ఆ షాపులో అమ్మకపోతే మెషిన్ వద్దనవచ్చు, కంగారు పడకండి.

డబ్బు తిరిగొచ్చేది అంతవరకే. మన వీధిలో పాత సామాన్ల బండి వస్తే ప్లాస్టిక్‌కీ, ఇనుముకీ ఎంతో కొంత చేతిలో పెట్టి పోతాడు. ఇక్కడ ఆ బండి రాదు, మిగతావన్నీ మనమే మోసుకెళ్లాలి.

పసుపు సంచి, లేదా పసుపు డబ్బా, ప్యాకింగ్ కోసం. పెరుగు కప్పు, నూనె సీసా, చిప్స్ కవరు, టెట్రా ప్యాక్, మన సోనా మసూరి బియ్యం సంచి కూడా అందులోకే. కప్పు కడగనక్కర్లేదు, చెంచాతో గీకేస్తే చాలు. కానీ అల్యూమినియం మూత పూర్తిగా పీకి విడిగా వేయండి, ఒక కప్పులో ఇంకోటి దూర్చకండి. అవి అంటుకుని ఉంటే ప్లాంటులో మెషిన్లు వేరు చేయలేవు. పగిలిన మగ్గు, బకెట్ ప్యాకింగ్ కావు కాబట్టి చాలా ఊళ్లలో వీటిని అందులో వేయకూడదు. బెర్లిన్‌లో వేయొచ్చు. మా బిల్డింగ్‌లో ఒకసారి బాత్రూమ్ మగ్గు కనబడుతున్న సంచిని స్టిక్కర్ అంటించి అక్కడే వదిలేశారు. ఆ మగ్గు ఎవరిదో అందరికీ తెలుసు, ఈ దేశంలో మగ్గు వాడేది ఎవరు మరి!

ఎలక్ట్రానిక్స్‌కి గుర్తు ఒక్కటే, అడ్డంగా గీతలు కొట్టేసి ఉన్న చెత్తడబ్బా బొమ్మ. అది ఉన్న వస్తువు ఇంటి దగ్గరి ఏ డబ్బాలోనూ పడకూడదు. 25 సెంటీమీటర్లు మించని పాత ఫోను, చార్జర్, ట్రిమ్మర్ లాంటివి పెద్ద ఎలక్ట్రానిక్స్ షాపులు, ఎలక్ట్రికల్ సామాను కూడా అమ్మే పెద్ద సూపర్ మార్కెట్లు ఏమీ కొనకపోయినా తీసుకోవాలి. 2022 జూలై నుంచి సూపర్ మార్కెట్లకూ ఈ రూల్ ఉంది. ఒక్కో రకానివి మూడు దాకా ఇవ్వొచ్చు. బ్యాటరీలకు షాపుల్లో విడిగా పెట్టె ఉంటుంది. లిథియం బ్యాటరీ కొనలకు టేపు అంటించి వేయండి, లేకపోతే మంటలు రేగే ప్రమాదం ఉంది. ఫోను ఇచ్చే ముందు ఫొటోలు, బ్యాంకు యాప్‌లు తుడిచేయడం మీ పని.

అమ్మ పంపిన మిక్సీ కాలిపోతే? అది పొడుగు, షాపులో వద్దనవచ్చు. మునిసిపాలిటీ వారి వెర్ట్‌స్టోఫ్‌హోఫ్‌కి, అంటే పాత సామాన్లు తీసుకునే కేంద్రానికి, తీసుకెళ్లండి. కుక్కర్ కూడా అక్కడే, ఇనుప సామాన్ల వైపు. జార్లు మాత్రం నేను దాచుకున్నాను, ఎందుకో అడగకండి.

పనిచేసే వస్తువైతే పారేయకండి. ‘త్సు ఫెర్షెంకెన్’, అంటే ఊరికే తీసుకెళ్లండి అని చీటీ రాసి గుమ్మం ముందు పెడతారు ఇక్కడ. నా టేబుల్ ల్యాంపు అలా దొరికిందే. సాయంత్రానికి ఎవరూ తీసుకోకపోతే మాత్రం లోపలికి తెచ్చేసుకోండి, రోడ్డు మీద వదిలితే ఫైన్ పడొచ్చు.