ఒకే ఫైల్, తలా ఒక దారి: గ్రూప్ రైడ్ రూట్లలో వచ్చే సమస్యలు, పరిష్కారాలు

గ్రూప్ రైడ్‌కి రూట్ గీయడం ఒక పని. ఆ రూట్ అందరి బళ్ల మీద, రకరకాల ఫోన్లలో, జీపీఎస్ డివైజ్‌లలో ఒకేలా నడిచేట్టు చూడటం ఇంకో పని. మొదటిదానికి గంటలు గంటలు ఇష్టంగా కూర్చుంటాం. రెండోదాన్ని రైడ్ రోజు పొద్దునకి వదిలేస్తాం, అక్కడే టెన్షన్ మొదలవుతుంది. మీకు కనిపిస్తున్న ఇబ్బందిని బట్టి కింద వెతుక్కోవచ్చు. మొదటి సమస్యను మాత్రం అందరూ చదవండి, మిగతావాటిలో చాలా దాన్నుంచే పుడతాయి.

ఒకే ఫైల్ పంపాం, అయినా తలా ఒక దారిలో వెళ్తున్నారు

మనం పంచుకునే ఫైల్ ఎక్కువగా జీపీఎక్స్ ఫార్మాట్‌లో ఉంటుంది. 2002లో మొదలైన ఈ ఫార్మాట్‌కి ఇప్పుడు అందరూ వాడే 1.1 వెర్షన్ 2004లో వచ్చింది. ఈ ఫైల్ లోపల మూడు రకాల సమాచారం ఉండొచ్చు: విడి గుర్తులు, అంటే వేపాయింట్లు, రూట్, ట్రాక్. పైకి అన్నీ ఒకే రకం ఫైల్‌లా కనిపిస్తాయి గానీ, రూట్‌కీ ట్రాక్‌కీ చాలా తేడా ఉంది.

రూట్ అంటే వరుసలో పెట్టిన కొన్ని పాయింట్లు. ఒక పాయింట్ నుంచి ఇంకో పాయింట్‌కి ఏ రోడ్డు మీద పోవాలో ఎవరి డివైజ్ అది లెక్కేసుకుంటుంది. ఒకరి మ్యాప్ కొత్తది, ఇంకొకరిది రెండేళ్ల కిందటిది. ఒకరు టోల్ రోడ్లు వద్దని పెట్టుకున్నారు, ఇంకొకరు తొందరగా చేరే దారి కావాలని పెట్టుకున్నారు, మరొకరి యాప్ మలుపులు ఎక్కువున్న దారి వెతుకుతుంది. పాయింట్లు అవే, దార్లు మాత్రం మూడు.

ట్రాక్ అలా కాదు. దగ్గరదగ్గరగా పెట్టిన వందల వేల చుక్కలతో గీసిన గీత అది. డివైజ్ దాన్ని ఉన్నదున్నట్టు చూపిస్తుంది, సొంత లెక్క వేయదు.

మీ దగ్గరున్నది ఏదో తేల్చుకోవడం తేలిక. కంప్యూటర్‌లో ఫైల్‌ని నోట్‌ప్యాడ్ లాంటి దాంట్లో తెరవండి. చుక్కల ముందు ‘టీఆర్‌కేపీటీ’ అనే ట్యాగ్ కనిపిస్తే అది ట్రాక్, ‘ఆర్‌టీఈపీటీ’ అని ఉంటే రూట్, ‘డబ్ల్యూపీటీ’ అని ఉంటే విడి గుర్తు. రెండు వందల కిలోమీటర్ల రైడ్‌కి ‘ఆర్‌టీఈపీటీ’లు ఆరో ఏడో మాత్రమే ఉన్నాయంటే, దారిలో చాలా భాగాన్ని అవతలివాళ్ల డివైజ్ ఇష్టానికి వదిలేసినట్టే.

పరిష్కారం: ట్రాక్‌నీ రూట్‌నీ రెండు ఫైళ్లుగా చేసి, పేర్లలోనే ఏది ఏదో తెలిసేలా రాసి పంపండి. గీత చూసుకుంటూ నడపగలిగినవాళ్లు ట్రాక్ తీసుకుంటారు. మలుపు మలుపుకీ గొంతు వినిపించాలనుకునేవాళ్లకి రూట్ కావాలి, ఆ రూట్‌లో పాయింట్లు సరిపడా ఉండాలి. ఎన్ని అనే లెక్క కంటే ఎక్కడ అన్నది ముఖ్యం. డివైజ్ వేరే రోడ్డు ఎంచుకునే అవకాశం ఉన్న ప్రతి జంక్షన్ దాటాక, మీరు వెళ్లాలనుకున్న రోడ్డు మీద కాస్త ముందుకి ఒక పాయింట్ పెట్టండి. సరిగ్గా జంక్షన్ మీద పెట్టొద్దు, అక్కడ కొద్ది మీటర్ల తేడా వచ్చినా పక్క రోడ్డు మీదకి పోతుంది.

తర్వాత పరీక్షించండి. అదే రూట్‌ని రెండు వేరే యాప్‌లలో తెరిచి మొత్తం దూరం చూడండి. ఒకదాంట్లో 214 కిలోమీటర్లు, ఇంకోదాంట్లో 221 చూపిస్తే ఎక్కడో దార్లు విడిపోయినట్టు. ట్రాక్ గీతని కింద పరిచి, దాని మీద రూట్ వేసి జూమ్ చేస్తూ పోతే విడిపోయిన చోటు కంటికి కనిపిస్తుంది. అక్కడ ఇంకో పాయింట్ పెడితే చాలు. రూట్ తయారు చేసేవాళ్లు ఏది మానేసినా ఈ ఒక్క పరీక్ష మానకూడదు. దాంతోపాటు ఫైల్ పంపే మెసేజ్‌లోనే సెట్టింగ్స్ కూడా రాయండి: వాహనం మోటార్‌సైకిల్, టోల్ రోడ్లు ఓకేనా కాదా, మట్టి రోడ్లు వద్దు, ఇలా.

గూగుల్ మ్యాప్స్ లింక్ పంపితే మనం ఎంచుకున్న ఘాట్ రోడ్డు పోయి హైవే వస్తోంది

లింక్ తెరిచిన ప్రతిసారీ ఆ క్షణం ట్రాఫిక్‌ని బట్టి దారి మళ్లీ లెక్కవుతుంది. కంప్యూటర్‌లో మౌస్‌తో లాగి మార్చిన దారి ఫోన్‌లో నావిగేషన్ మొదలయ్యేసరికి అలాగే ఉంటుందని నమ్మలేం. పైగా బయల్దేరే చోటు కాక తొమ్మిది ఆగే చోట్లకి మించి పెట్టనివ్వదు. జీపీఎక్స్ ఫైల్‌ని గూగుల్ వాళ్లదే అయిన మై మ్యాప్స్‌లో ఎక్కించి చూసుకోవచ్చు గానీ, ఆ గీత వెంట మలుపు మలుపుకీ దారి చెప్పించుకోవడం కుదరదు.

కలిసే చోటు, పెట్రోల్ బంకు, భోజనం చేసే చోటు పంపడానికి గూగుల్ లింక్‌ని మించింది లేదు, దాన్ని ఆ పనికే వాడండి. రూట్ కోసం జీపీఎక్స్ తెరిచే యాప్ ఒకటి అందరూ వేసుకోవాలి. ఓస్మాండ్, కుర్విగర్, మైరూట్ యాప్ లాంటివి ఆ పని చేస్తాయి. గ్రూప్‌లో అందరిదీ ఒకటే యాప్ అయితే సగం తలనొప్పి తగ్గుతుంది. గూగుల్ తప్ప వేరే దారి లేకపోతే, రైడ్‌ని చిన్న చిన్న భాగాలుగా విడగొట్టి ఒక్కో భాగానికి ఒక్కో లింక్ ఇవ్వండి.

ఫైల్ తెరుచుకోవడం లేదు

మెసేజింగ్ యాప్‌లు ఫైల్ పేరు చివర ‘ఎక్స్‌ఎంఎల్’ అనో ‘టీఎక్స్‌టీ’ అనో తగిలించడం మామూలే. దాన్ని నొక్కితే అక్షరాల గుట్ట కనిపిస్తుంది. ఫైల్ పాడైపోలేదు. ఫోన్‌లో సేవ్ చేసి, పేరు చివర జీపీఎక్స్ ఒక్కటే మిగిలేలా మార్చి, నావిగేషన్ యాప్ లోపలికి వెళ్లి ఇంపోర్ట్ నొక్కండి. పంపేవాళ్లు జిప్ చేసి పంపినా, క్లౌడ్ డ్రైవ్ లింక్ ఇచ్చినా ఈ గొడవ ఉండదు.

తెరుచుకుంది గానీ గీత సగంలో ఆగిపోయిందంటే, చుక్కలు ఎక్కువై ఉంటాయి. సెకనుకొకటి చొప్పున రికార్డ్ చేసిన ట్రాక్‌లో వేల చుక్కలు ఉంటాయి. పాత డివైజ్‌లకి ఒక పరిమితి ఉంటుంది, అది దాటితే మిగతాది కోసేస్తాయి. ప్లానింగ్ సాఫ్ట్‌వేర్‌లో చుక్కలు తగ్గించే ఆప్షన్ ఉంటుంది. తగ్గించాక ఘాట్ మలుపుల దగ్గర జూమ్ చేసి, గీత రోడ్డు వదిలి అడ్డంగా పోలేదని చూసుకోండి.

పాయింట్లు సముద్రంలోనో వేరే దేశంలోనో కనిపిస్తే అక్షాంశం, రేఖాంశం తారుమారయ్యాయి. చేత్తో కొట్టేటప్పుడు అక్షాంశం ముందు రాస్తాం, గూగుల్ ఎర్త్ లాంటివి వాడే కేఎంఎల్ ఫైల్‌లో రేఖాంశం ముందు ఉంటుంది. ఒకదాన్నుంచి ఇంకోదానికి కాపీ చేసేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోండి.

మంచి రోడ్డు మీద నేరుగా వెళ్తుంటే యూ టర్న్ తీసుకోమని గోల

ఇది చిరాకే కాదు, ప్రమాదం కూడా. వెనకాల బళ్లు వస్తుండగా ఒకరు గొంతు విని బ్రేక్ వేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

దాదాపు ప్రతిసారీ కారణం ఒకటే: పాయింట్ రోడ్డుకి అవతలి వైపు పడింది. జూమ్ తక్కువగా ఉన్నప్పుడు డివైడర్ ఉన్న రోడ్డు మ్యాప్‌లో ఒకే గీతలా కనిపిస్తుంది. మీరు గీత మధ్యలో నొక్కానని అనుకుంటారు. పూర్తిగా జూమ్ చేస్తే రెండు గీతలు విడివిడిగా కనిపిస్తాయి, మీ పాయింట్ ఎదురొచ్చే బళ్ల వైపు కూర్చుని ఉంటుంది. డివైజ్‌కి అక్కడికి చేరడానికి ఉన్న ఒకే మార్గం ముందుకెళ్లి వెనక్కి తిరగడం. సర్వీస్ రోడ్డు మీద, ఫ్లైఓవర్ కింద, బంకు ఆవరణలో పడినా ఇదే తంతు. రూట్ పూర్తయ్యాక ప్రతి పాయింట్‌నీ గరిష్ఠంగా జూమ్ చేసి ఒకసారి చూడండి. విసుగైన పనే, కానీ దీనికి దగ్గరి దారి లేదు.

గార్మిన్ లాంటి జీపీఎస్ డివైజ్‌లలో పాయింట్లు రెండు రకాలు. వయా పాయింట్ అంటే తప్పక తాకి వెళ్లాల్సింది, వచ్చినప్పుడు చెబుతుంది. షేపింగ్ పాయింట్ దారి ఆకారం కోసం మాత్రమే, మౌనంగా దాటిపోతుంది. ఆగే చోట్లకే వయా పాయింట్ పెట్టి మిగతావన్నీ షేపింగ్ పాయింట్లుగా మార్చండి. దారి తప్పినప్పుడు దానంతట అది మళ్లీ లెక్కేసే సెట్టింగ్‌ని ఆఫ్ చేయండి, లేదా ముందు అడిగేలా పెట్టండి. రైడ్‌లో ఇది ఎదురైతే పట్టించుకోకుండా ముందుకెళ్లి, సురక్షితమైన చోట ఆగి, ఆ పాయింట్‌ని స్కిప్ చేయండి.

బయల్దేరగానే ‘గమ్యం చేరుకున్నారు’ అంటోంది

మొదలూ చివరా ఒకే చోట ఉన్న రూట్లలో వచ్చే సమస్య ఇది. దారి తనను తానే దాటే చోట కూడా ఇలాగే అవుతుంది, యాప్ మధ్యలో లూప్ మొత్తాన్ని వదిలేసి నేరుగా పోతుంది. రూట్‌ని రెండు భాగాలు చేయండి, భోజనానికి ఆగే చోటు విడగొట్టడానికి బాగుంటుంది. చివరి పాయింట్‌ని మొదటిదానికి కొన్ని వందల మీటర్ల దూరంలో పెట్టండి.

మధ్యలో వచ్చి కలిసేవాళ్లని మళ్లీ మొదటికి లాక్కెళ్లే ఇబ్బందీ దీని చుట్టమే. డివైజ్ ‘ఏ పాయింట్‌కి?’ అని అడిగినప్పుడు మొదటిది కాకుండా తర్వాత రాబోయేది ఎంచుకోమని వాళ్లకి ముందే చెప్పండి.

కొందరి దగ్గర పాత రూట్ ఉంది

ఫైల్ పేరులో తేదీ, నంబరు పెట్టండి, ‘ఫైనల్’ అనే మాట వద్దు. ముందురోజు రాత్రి ఒక టైమ్ తర్వాత ఫైల్ మార్చకండి. అప్పటికీ రోడ్డు మూసేశారని తెలిస్తే, కొత్త ఫైల్ పంపకుండా స్టార్టింగ్ పాయింట్ దగ్గర నోటితో చెప్పండి.

దారి మధ్యలో స్క్రీన్ ఆరిపోయింది, మ్యాప్ ఖాళీగా ఉంది

మ్యాప్ ఖాళీ అయితే సిగ్నల్ లేదు, ఆఫ్‌లైన్ మ్యాప్ దించుకోలేదు. శాటిలైట్ నుంచి జీపీఎస్ అందడానికి మొబైల్ డేటా అక్కర్లేదు గానీ మ్యాప్ బొమ్మ మాత్రం ఫోన్‌లో ఉండాలి. ఇంట్లోనే ఏరోప్లేన్ మోడ్ పెట్టి రూట్ తెరిచి చూడండి, తేలిపోతుంది.

స్క్రీన్ మసకబారి ఆగిపోతే వేడి. ఎండ, చార్జింగ్, పూర్తి బ్రైట్‌నెస్ మూడూ కలిస్తే ఫోన్ తట్టుకోలేదు. మలుపు దగ్గరపడ్డప్పుడే స్క్రీన్ వెలిగే సెట్టింగ్ ఉంటే వాడండి, చెవిలో గొంతు వింటే స్క్రీన్ చూసే పనే తగ్గుతుంది. యాప్ మధ్యలో మూసుకుపోతుంటే బ్యాటరీ ఆదా సెట్టింగ్ దాన్ని ఆపేస్తోంది, ఆ యాప్‌కి మినహాయింపు ఇవ్వండి. ఖరీదైన ఫోన్‌ని నేరుగా హ్యాండిల్‌బార్‌కి బిగించేవాళ్లకి ఒక మాట: పెద్ద ఇంజిన్ బళ్ల వైబ్రేషన్ వల్ల కెమెరా దెబ్బతినొచ్చని యాపిల్ 2021లో స్వయంగా హెచ్చరించింది. వైబ్రేషన్ తగ్గించే మౌంట్ పెట్టుకోండి, లేదంటే పాత ఫోన్ వాడండి.

ఫైల్ అందరిదీ సరిగ్గానే ఉంది, అయినా జంక్షన్ దగ్గర గ్రూప్ విడిపోయింది

ఒక సిగ్నల్ లైట్ చాలు గ్రూప్‌ని రెండు ముక్కలు చేయడానికి. వెనకబడ్డవాళ్లు అందుకోవాలని స్పీడ్ పెంచుతారు, అదే నాకు అన్నిటికన్నా భయం. లైవ్ లొకేషన్ కొంత సాయం చేస్తుంది. వాట్సాప్‌లో 15 నిమిషాలు, గంట, 8 గంటలు అని ఎంచుకోవచ్చు. కానీ సిగ్నల్ లేని కొండ దారుల్లో అది పనిచేయదు, బండి మీద ఉన్నవాళ్లు చూడకూడదు కూడా.

ఇక్కడ మనుషుల ఏర్పాటే పనికొస్తుంది. ముందు లీడర్, అందరికన్నా వెనక దూరం నుంచే గుర్తుపట్టేలా రంగు జాకెట్ వేసుకున్న స్వీప్ రైడర్, ఈ ఇద్దరూ రోజంతా మారరు. దారి మారే ప్రతిచోటా లీడర్ వెనకున్న రైడర్ సురక్షితంగా పక్కకి ఆగి వచ్చేవాళ్లందరికీ మలుపు చూపిస్తారు. స్వీప్ కనిపించాకే బయల్దేరి, స్వీప్‌కి ముందు చేరతారు. తర్వాతి మలుపుకి లీడర్ వెనక వేరే రైడర్ ఉంటారు. స్వీప్ వచ్చేదాకా కదలకూడదన్న నియమాన్ని బయల్దేరే ముందు అందరితో నోటితో అనిపించండి. మంది ఎక్కువైతే విడగొట్టండి. అమెరికాలోని మోటార్‌సైకిల్ సేఫ్టీ ఫౌండేషన్ ఒక గుంపుకి 5 నుంచి 7 బళ్లు మేలంటుంది. ఒక్కో గుంపుకీ ఒక లీడర్, ఒక స్వీప్.

టైమ్ లెక్క తప్పింది, ఒకరి బండిలో పెట్రోల్ అయిపోవచ్చింది

యాప్ చూపించే టైమ్ ఆగకుండా వెళ్లే ఒక్క బండిది. గ్రూప్ ఆగిన ప్రతిసారీ గ్లవ్స్ తీయడం, వేసుకోవడం, బంకులో క్యూ అన్నీ కలుస్తాయి. పెట్రోల్ ఆపులు అందరికన్నా చిన్న ట్యాంక్ ఉన్న బండిని బట్టి పెట్టండి, ఆ బంకుల్ని వేపాయింట్లుగా ఫైల్‌లోనే ఇవ్వండి.

రైడ్ అయ్యాక పంచుకున్న ట్రాక్‌లో ఇంటి అడ్రస్ కనిపిస్తోంది

ఇంటి గేటు దగ్గర రికార్డింగ్ మొదలుపెడితే ఆ ట్రాక్‌లో మొదటి చుక్క మీ ఇల్లే. ఎన్ని గంటలకి బయల్దేరారో కూడా అందులో ఉంటుంది. పంచుకునే ముందు మొదటి, చివరి రెండు మూడు కిలోమీటర్లు కత్తిరించండి, టైమ్ వివరాలు తీసేయండి. అలా శుభ్రం చేసిన ట్రాక్‌ని వచ్చేసారి రూట్ గీసేవాళ్లకి ఇస్తే, మ్యాప్‌లో లేని గేట్లు, మూసిన రోడ్లు తప్పించిన గీత వాళ్ల చేతిలో ఉంటుంది.